విమానంలో లైడార్ ఆపరేటర్ అంటే బటన్లు నొక్కడమేనా?

ఈసీఈ చదివి ఏరియల్ సర్వే కంపెనీలో లైడార్ (విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) ఆపరేటర్‌గా చేరబోతున్నానని, చదివిన ఎలక్ట్రానిక్స్ అంతా దండగైపోతుందేమోనని అడిగారు. ఆ వెనక సీట్లో ఆరేళ్లు కూర్చున్నాను. దండగ కాదండీ. పైన ఏదైనా తేడా వచ్చినప్పుడు మిమ్మల్ని ఆదుకునేది ఆ చదువే.

ఈ పనంతా కాలాన్ని కొలవడం మీద నడుస్తుంది. లేజర్ పల్స్ నేలకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కకడతాం. కాంతి నానోసెకనుకి 30 సెంటీమీటర్లు పోతుంది. పోయి రావాలి కాబట్టి, ఒక్క నానోసెకను తేడా వచ్చినా దూరం 15 సెంటీమీటర్లు తప్పుతుంది. ఇక విమానం ఆ క్షణాన ఎక్కడుందో, ఎటు ఎంత వాలిందో జీపీఎస్, ఐఎంయూ (వాలునీ కదలికనీ కొలిచే సెన్సర్) కలిసి చెప్పాలి. 1000 మీటర్ల ఎత్తు నుంచి 0.01 డిగ్రీ కోణం తప్పితే కింద పాయింటు 17 సెంటీమీటర్లు జరిగిపోతుంది. విమానం ఒక్కో తిన్నని లైన్‌లో ఎగురుతూ కొలిచిన పక్కపక్క పట్టీలను కలిపి చూస్తే ఒకే ఇంటి కప్పు రెండుగా కనిపిస్తుంది.

నాకది మొదటి ఏడాదే అనుభవమైంది. విమానం మలుపు తిరిగిన ప్రతిసారీ శాటిలైట్ల సంఖ్య పడిపోతోంది. లైన్ మీదికి రాగానే మళ్లీ సర్దుకుంటోంది. స్క్రీన్ మీద పాయింట్లు బాగానే పడుతున్నాయి కదా అని ఊరుకున్నాను. పైలట్‌కి చెప్పడానికి మొహమాటం కూడా. సాయంత్రం ప్రాసెసింగ్‌లో ఏ పట్టీ పక్కదానితో కలవలేదు. చూస్తే, యాంటెన్నా కేబుల్ కనెక్టర్ విమానం అదురుకి వదులైంది. ఆ లైన్లన్నీ మళ్లీ ఎగరాల్సి వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి బయల్దేరే ముందు ప్రతి కనెక్టర్‌నీ చేత్తో తిప్పి చూస్తాను. ఐఎంయూ కుదురుకోవడానికి నేల మీద ఐదు నిమిషాలు కదలకుండా ఉండనిస్తాం. లేచాక కూడా దానికోసమే ఎనిమిది అంకె ఆకారంలో తిరుగుతాం. మలుపుల్లో వాలు 20 డిగ్రీలు దాటొద్దని కెప్టెన్‌కి ముందే చెబుతాను. అనుమానం వస్తే ‘ఈ లైన్ మళ్లీ చేద్దాం’ అనేస్తాను. పైనుండగా ఆ మాట అనగలిగేది ఆపరేటర్ ఒక్కడే.

అన్ని తేడాలూ పరికరం తప్పులు కావు. గోదావరి డెల్టాలో నాట్ల రోజుల్లో ఎగిరినప్పుడు స్క్రీన్ నిండా నల్లటి చిల్లులు పడ్డాయి. నాతో వచ్చిన కుర్రాడు లేజర్ పాడైందని కంగారుపడ్డాడు. మేం వాడేది 1064 నానోమీటర్ల లేజర్. చేలల్లో నిలిచిన నీరు దాన్ని కొంత పీల్చేసుకుంటుంది, మిగిలింది అద్దంలా పక్కకి కొట్టేస్తుంది. వెనక్కి వచ్చేది దాదాపు ఉండదు. నీటి అడుగు కొలవాలంటే 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ ఉన్న వేరే పరికరం కావాలి. అదే కొబ్బరితోట మీద అయితే ఒక్క పల్స్‌కే మట్ట నుంచి ఒకటి, కింద నేల నుంచి ఒకటి రిటర్న్‌లు వస్తాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటగానే ఉంటుంది.

చేరగానే మీ మేనేజర్‌ని ఒకటి అడగండి: ఎగరడానికి ముందు ఒక నెల ప్రాసెసింగ్ టీమ్‌తో కూర్చోనివ్వమని. కలవని పట్టీ ఎలా ఉంటుందో కింద చూసినవాళ్లే పైన దాన్ని ముందుగా పసిగడతారు. ఇంకోటి, మధ్యాహ్నం ఎండకి గాలి బాగా కుదిపేస్తుంది, పొద్దున్నే రెండు ఇడ్లీలతో సరిపెట్టుకోండి.