కంపెనీ చేతులు మారితే పాత ఉద్యోగ ఒప్పందం చెల్లుతుందా?

కంపెనీ షేర్లు మాత్రమే చేతులు మారితే మీ ఒప్పందం ఉన్నదున్నట్టు కొనసాగుతుంది. వ్యాపారాన్నే మరో కంపెనీకి అమ్మితే మాత్రం ఏమవుతుందో ఆ దేశపు చట్టం తేలుస్తుంది.

ఎందుకంటే మీ ఒప్పందం కంపెనీతో, వాటాదారుడితో కాదు. షేర్లు ఎవరు కొన్నా యజమాని ఆ కంపెనీయే. జీతం, నోటీసు గడువు, సర్వీసు ఏవీ మారవు. కొత్త సంతకం కూడా అక్కర్లేదు.

యంత్రాలు, ఖాతాదారులు, పేరు కలిపి వ్యాపారాన్ని అమ్మినప్పుడు యజమానే మారతాడు. బ్రిటన్‌లో 2006 నాటి నిబంధనల ప్రకారం ఒప్పందాలు వాటంతటవే కొత్త యజమానికి వెళ్తాయి. భారత్‌లో అలా కాదు. ఏడాది నిరంతర సర్వీసున్న కార్మికుడికి నోటీసుతో పాటు, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా రావాలి. సర్వీసు తెగకుండా, షరతులు తగ్గకుండా, పాత సర్వీసు బాధ్యత కూడా తలకెత్తుకుని కొత్త యజమాని కొనసాగిస్తే ఆ పరిహారం ఉండదు. ఈ మూడూ కలిసి ఉండాలి. (మేనేజర్లు సాధారణంగా ‘కార్మికుడు’ నిర్వచనంలోకి రారు, వాళ్లకు ఒప్పందంలో రాసుకున్నదే దిక్కు.)

ఉదాహరణకు ఆరేళ్లు పనిచేసిన కార్మికుణ్ణి అదే జీతానికి తీసుకుని, చేరిన తేదీ మాత్రం కొత్తగా వేశారనుకోండి. పాత సర్వీసు పోయింది కనుక 90 రోజుల వేతనం అడగొచ్చు.

యజమాని మారితే రాజీనామా ఇచ్చి కొత్త ఆఫర్ లెటర్ తీసుకోవాలన్నది చాలామంది పొరపాటు. స్వచ్ఛందంగా రాజీనామా ఇస్తే సర్వీసు తెగుతుంది, పరిహారం అడిగే దారీ మూసుకుపోతుంది. లెటర్‌లో పాత చేరిక తేదీ ఉందో లేదో చూడకుండా సంతకం పెట్టొద్దు.