ముందు టైర్లలో గాలి తగ్గించు

అమ్మలూ,

పాత ల్యాండ్‌క్రూయిజర్ కొన్నావనీ, వచ్చే నెల దాన్ని ఆస్ట్రేలియాలో ఇప్పుడు K'gari అని పేరు మార్చిన ఫ్రేజర్ ద్వీపానికి తీసుకెళ్తున్నావనీ మీ అమ్మ విజయవాడ నుంచి ఫోను చేసి చెప్పింది. నా మేనకోడలు సముద్రపు ఇసుకలో బండి నడపబోతోందని అత్తయ్యకు నాలుగుసార్లు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

పర్మిట్ ముందే తీసుకో. ద్వీపానికి పడవ ఎక్కే ఇన్‌స్కిప్ పాయింట్ దగ్గర ఇసుకలోకి దిగకముందే ముందు చక్రాల హబ్బులు చేత్తో తిప్పి లాక్ చెయ్యి. నీది పాత బండి, లోపల లివర్ వేసినంత మాత్రాన నాలుగు చక్రాలూ లాగవు. డింగోలకు, అంటే అక్కడి అడవి కుక్కలకు, తిండి పెట్టకు. ఆ 75 మైళ్ల బీచి చట్టప్రకారం రోడ్డే. వేగం 80 కిలోమీటర్లు దాటకూడదు. విమానాలు కూడా అక్కడే దిగుతాయి, పైకి కూడా ఒక చూపు వెయ్యి.

ఇవి ఎవరైనా చెబుతారు. గాలి సంగతి నేను చెప్పాలి.

మీ బావకు రెండేళ్లప్పుడు మేమూ అక్కడికి వెళ్లాం. కొత్త టైర్లు వేయించి వారం కూడా కాలేదు. గాలి తగ్గిస్తే అంచులు నలిగి పాడవుతాయని భయపడి, 20 పీఎస్ఐకి దించాల్సింది 30 దగ్గరే ఆపేశాను. తడిసి గట్టిపడిన ఇసుక మీద బండి చక్కగా పరిగెత్తింది. ఈలై క్రీక్ దగ్గర భోజనాలు అయ్యేసరికి ఆటు పోయి పోటు మొదలైంది. నీళ్లు పైకి వస్తున్నాయని పొడి ఇసుకలోకి తిప్పాను. వంద గజాలు వెళ్లామో లేదో బండి ఆగింది. అప్పుడైనా ఇంజన్ ఆపాల్సింది. నేను ఆక్సిలరేటర్ తొక్కాను. తొక్కిన కొద్దీ చక్రాలు గుంట తవ్వుకున్నాయి, చివరికి ఇరుసు ఇసుక మీద కూర్చుంది.

అత్తయ్య పిల్లవాణ్ణి ఎత్తుకుని దిబ్బ ఎక్కింది. వాడి నీలం చెప్పు ఒకటి బండి పక్కన పడితే, అల వచ్చి గిర్రున తిప్పి తీసుకుపోయింది. 1977 ఉప్పెన నాటికి అవనిగడ్డలో నాకు తొమ్మిదేళ్లు, మీ అమ్మ చంకలో పిల్ల. ఆ రాత్రి విన్న నీళ్ల చప్పుడు మళ్లీ చెవుల్లో మోగింది. కాళ్లు కదల్లేదు.

అటుగా వెళ్తున్న ఒక పెద్దాయన ఆగాడు. ఆయన తాడు తీసుకుని, ట్రెయిలర్ తగిలించే గుండుకు కట్టబోయాను. చెయ్యి పట్టుకుని ఆపాడు. లాగేటప్పుడు అది విరిగితే ఫిరంగి గుండులా ఎగిరి వచ్చి మనిషిని చంపుతుందట. నీ బండికి చాసిస్‌కు బిగించిన గట్టి కొక్కేలు ఉన్నాయో లేదో ఇవాళే వంగి చూడు.

అసలు ఆయన లాగనే లేదు. పుల్లతో వాల్వు నొక్కి నాలుగు టైర్లలోనూ గాలి 15 దాకా తీశాడు. చక్రాల చుట్టూ, బండి కడుపు కింద ఇసుక తోడించాడు. వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి నడపమన్నాడు. బండి తనంతట తానే బయటికి వచ్చింది. నేను అంత భద్రంగా చూసుకున్న ఆ టైర్లు ఆ తర్వాత ఆరేళ్లు నడిచాయి.

కూరుకుపోయావా, కాలు తీసెయ్యి తల్లీ. గాలి తక్కువున్నప్పుడు స్టీరింగ్ విసురుగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది, జాగ్రత్త. ఆగాలంటే బ్రేకు తొక్కకు, దొర్లనిచ్చి బండి ముక్కు పల్లానికి ఉండేలా ఆపు. పోటు నిండే వేళకు రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాతి దాకా బీచి మీద ఉండకు. ఆ వేళలు ఫోనులో కాదు, కాగితం మీద రాసి అద్దం దగ్గర అంటించు. ఇంటికి రాగానే బండి అడుగంతా మంచినీళ్లతో కడుగు.

నిన్ను వెళ్లొద్దని చెప్పమంది మీ అమ్మ. నేను చెప్పను. గేజీ, పార, గాలి కొట్టే కంప్రెసర్ గ్యారేజీలో సర్ది పెట్టాను. శనివారం వచ్చి తీసుకెళ్లు. అత్తయ్య పులిహోర చేస్తానంటోంది.

మామయ్య