ఆట ముఖచిత్రం: 120 పిక్సెళ్ల వెడల్పులో ఏం కనిపించాలి?

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూనే తీరిక వేళల్లో ఒక్కడినే ఒక చిన్న వీడియో గేమ్ తయారుచేస్తున్నాను. పేరు 'చివరి రేవు'. రాత్రిపూట గోదావరి మీద పడవ నడుపుతూ, ఒడ్డున లాంతరు ఊపి పిలిచేవారిని ఎక్కించుకుని అవతలి రేవుకు చేర్చాలి. ఎక్కినవారిలో కొందరు మనుషులు కారు. ఎవరెవరో వారి మాటలను బట్టి పసిగట్టాలి. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో పేజీ తెరిచాను. ముఖచిత్రంగా పాపికొండల నడుమ సాయంకాలపు నదిని నేనే గీశాను. చూసినవారంతా బాగుందన్నారు. అయినా పేజీకి వచ్చేవారు, విష్‌లిస్ట్‌లో (తర్వాత కొనాలనుకునే ఆటల జాబితాలో) చేర్చుకునేవారు చాలా తక్కువ. లోపం ఎక్కడుంది? *(ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)*

జవాబు: మీరు పంపిన బొమ్మ చూశాను. పైన నారింజ రంగు ఆకాశం, రెండు వైపులా కొండలు, మధ్యలో నది, నది మీద వేలిగోరంత పడవ, కింద కుడి మూలన సన్నటి అక్షరాల్లో ఆట పేరు. గీతలో మీకున్న పట్టు స్పష్టంగా కనిపిస్తోంది. అయితే స్టోర్‌లో ఈ బొమ్మ చేయవలసిన పని వేరు. వరుసగా ఉన్న బొమ్మల మీద చూపు పరుగెత్తిస్తున్న మనిషికి, ఈ ఆటలో తానేం చేస్తాడో, ఆడుతున్నంతసేపు తనకెలా అనిపిస్తుందో అది ఒక్క క్షణంలో చెప్పగలగాలి. మీ బొమ్మ చూసినవారు ఇది ప్రశాంతంగా నదీవిహారం చేసే ఆట అనుకుంటారు. అలాంటివి ఇష్టపడేవారు లోపలికి వచ్చి, దయ్యాల సంగతి చూసి వెనుదిరుగుతారు. మాటల్లోని గుట్టు కనిపెట్టే ఆటల కోసం వెతికేవారు అసలు ఆగనే ఆగరు. మీ మిత్రులు బొమ్మను బొమ్మగా చూసి మెచ్చుకున్నారు. కొనేవారు దాన్ని ఆటకు ఆనవాలుగా చూస్తారు.

రెండో ఇబ్బంది కొలతలది. ఈ బొమ్మలను స్టీమ్ క్యాప్సూల్స్ అంటుంది. ఇప్పుడు అడుగుతున్న కొలతల ప్రకారం పేజీ తలభాగానికి 920×430 పిక్సెళ్లు, ముందు పేజీలో పెద్దగా కనిపించేదానికి 1232×706, నిలువుదానికి 748×896, కొన్నవారి లైబ్రరీలో (వారి ఆటల జాబితాలో) కనిపించేదానికి 600×900 కావాలి. నా దృష్టిలో వీటన్నిటికంటే ముఖ్యమైనది చిన్న క్యాప్సూల్. దాన్ని మీరు 462×174లో ఇచ్చినా, జాబితాల్లో చూపేటప్పుడు స్టోర్ దాన్ని 120×45 వరకు కుదిస్తుంది. మీ బొమ్మను ఒకసారి ఆ కొలతకు కుదించి చూడండి. పడవ నలుసంత అవుతుంది, కొండలూ నీరూ కలిసి ఒకే మరకగా మారతాయి, పేరు చదవడానికే రాదు. అందుకే పెద్ద బొమ్మ గీసి దానిలోంచి చిన్నవి కత్తిరించుకునే పద్ధతి మానండి. 120×45లో ఏం నిలుస్తుందో ముందుగా తేల్చుకుని, అక్కడి నుంచి పెద్ద కొలతలకు పెంచుకుంటూ వెళ్లండి.

మీ ఆట విషయంలో నేనైతే కొండలను పూర్తిగా వదిలేస్తాను. పడవ ముందుభాగం, అక్కడ వేలాడే లాంతరు, ఆ వెలుగులో సగం మాత్రమే కనిపించే ప్రయాణికుడి ముఖం: ఈ మూడే చాలు. ముఖం చట్రంలో మూడోవంతైనా ఆక్రమించాలి. అతడు సూటిగా మనవైపే చూస్తూ ఉంటే, ఇతణ్ణి నమ్మవచ్చా అన్న ప్రశ్న చూసేవారిలో దానంతటదే పుడుతుంది. మీ ఆటంతా ఆ ప్రశ్నే కదా. నీటిలో పడవ నీడ కనబడుతూ అతడి నీడ మాత్రం కనబడకపోవడం వంటి సూక్ష్మమైన వివరం పెద్ద క్యాప్సూల్‌లో పెట్టుకోవచ్చు, చిన్నదానిలో దానికి చోటు లేదు. రంగుల విషయంలో మరో జాగ్రత్త అవసరం. స్టీమ్ పేజీల నేపథ్యం ముదురు నీలం కాబట్టి, రాత్రి దృశ్యాన్ని అదే నీలంలో గీస్తే బొమ్మ అంచులు పేజీలో కలిసిపోతాయి. లాంతరు పసుపును కనీసం ఒక అంచు దాకా పరచండి, లేదా రాత్రిని ఆకుపచ్చ కలిసిన నలుపుకు జరపండి.

ఆట పేరును బొమ్మ పూర్తయ్యాక అతికించే ముక్కగా చూడకండి, బొమ్మలో సగం బరువు దానిదే. చిన్న క్యాప్సూల్‌లో లోగో దాదాపు చట్రమంతా నిండాలని స్టీమ్ నడిపే వాల్వ్ సంస్థే సూచిస్తోంది. కాబట్టి అక్కడ ముఖాన్ని తీసేసి, లాంతరునూ పేరునూ మాత్రం ఉంచినా తప్పులేదు. అక్షరాలు మందంగా ఉండాలి, వాటి వెనుక భాగం గజిబిజిగా ఉండకూడదు. 2022 సెప్టెంబర్ 1 నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం క్యాప్సూల్ మీద ఆట బొమ్మ, పేరు, అధికారికమైన ఉపశీర్షిక తప్ప సమీక్షల మార్కులు, అవార్డుల ప్రస్తావన, తగ్గింపు ధరల రాతలు ఉండకూడదు. లైబ్రరీలో వెడల్పుగా పరుచుకునే 3840×1240 చిత్రం మీదైతే పేరు కూడా రాయకూడదు. లోగోను విడిగా ఇవ్వాలి.

కొత్త బొమ్మ సిద్ధమయ్యాక, మీ తరహా ఆటలు వరుసగా ఉన్న స్టోర్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, వాటి నడుమ మీ బొమ్మను అదే కొలతలో అతికించండి. మీ ఆట గురించి ఏమీ తెలియనివారికి దాన్ని రెండు క్షణాలు చూపించి మూసేసి, "ఇందులో ఏం చేస్తారనుకుంటున్నారు?" అని అడగండి. బాగుందా అని మాత్రం అడగకండి, మర్యాద కొద్దీ అందరూ బాగుందనే అంటారు. పని వేరే ఆర్టిస్ట్‌కు అప్పగించదలిస్తే ముఖం, పడవ, నేపథ్యం, లోగో వేర్వేరు లేయర్లుగా (దేనికదే విడిగా కదిలించగల పొరలుగా) ఉన్న ఫైలు ఇవ్వాలని, వాడుకునే హక్కులు మీకు ఉండాలని ముందే రాతపూర్వకంగా మాట్లాడుకోండి. లేయర్లు విడిగా లేకపోతే అడ్డం బొమ్మను నిలువు చట్రంలోకి సర్దడం దాదాపు అసాధ్యం.

ప్రశ్న: మా ఆట మొత్తం చిన్న చిన్న రంగు గళ్లతో కూర్చిన పిక్సెల్ బొమ్మలతో ఉంటుంది. ముఖచిత్రాన్ని మామూలు పెయింటింగ్‌లా వేయిస్తే కొనేవారిని మోసం చేసినట్టవుతుందా? *(ఒక పాఠకురాలు, విశాఖపట్నం)*

జవాబు: కాదు. 2018లో వచ్చిన 'సెలెస్ట్' ఆటలో మనం నడిపే అమ్మాయి, ఎక్కే కొండ పిక్సెల్ బొమ్మలుగానే ఉంటాయి. ముఖచిత్రం మాత్రం చిత్రకారుల శైలిలో గీసినది. ఆమె ఎర్ర జుట్టు, కొండ రెండుచోట్లా ఉంటాయి కాబట్టి లోపలికి వెళ్లినవారికి వేరే ఆటలోకి వచ్చామన్న భావన కలగదు. మోసం శైలిలో ఉండదు. ఆటలో లేని యుద్ధాన్నో, ఎక్కడా కనిపించని రాక్షసుణ్ణో ముఖచిత్రం మీద వేసినప్పుడు అది మోసమవుతుంది. ఆకారం ఎంత తేలికగా ఉంటే చిన్న కొలతలో అంత గట్టిగా నిలుస్తుందన్నదీ గుర్తుంచుకోండి. 'హాలో నైట్' అనే ఆటలో కథానాయకుడు చీకటిలో ఒక తెల్లటి ముఖం, రెండు కొమ్ములు, అంతే. ఎంత కుదించినా గుర్తుపట్టవచ్చు.

ప్రశ్న: ఆర్టిస్ట్‌కు ఇచ్చేంత డబ్బు లేదు. ఏఐతో ముఖచిత్రం చేయించుకోవచ్చా? *(ఒక విద్యార్థి, వరంగల్)*

జవాబు: స్టీమ్‌లో నిషేధం లేదు. కానీ ఆటలో ఏఐతో చేసిన భాగాలుంటే వెల్లడించాలని 2024 జనవరిలో నిబంధన వచ్చింది, మీరు రాసిన ఆ వివరం పేజీలో కొనేవారికి కనిపిస్తుంది. చిన్న ఆటలను వెతికి మరీ కొనేవారిలో దాన్ని చూసి తప్పుకునేవారున్నారు. పైగా అలాంటి బొమ్మలో మీ ఆటకే చెందిన పాత్ర, వస్తువు సరిగ్గా కుదరవు. నా మాట వింటే, ఆటలోని బొమ్మనే ఒకదాన్ని పెద్దదిగా చేసి, ఒకే రంగు నేపథ్యం మీద మందపాటి పేరుతో నిలబెట్టండి. డబ్బు సమకూరాక మార్చుకోవచ్చు.

ప్రశ్న: ముఖచిత్రం మీద ఆట పేరు తెలుగు లిపిలోనే ఉండాలని నా కోరిక. చిన్న కొలతలో చదవడానికి వస్తుందా? *(ఒక పాఠకుడు, హైదరాబాద్)*

జవాబు: పేరును బట్టి ఉంటుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు తమకిచ్చిన ఎత్తునంతా వాడుకుంటాయి. తెలుగులో పైన గుడులు, ఏత్వాలు, కింద ఒత్తులు చేరేసరికి 45 పిక్సెళ్ల ఎత్తులో అసలు అక్షరానికి మిగిలేది సుమారు సగమే. మొదటి ప్రశ్నలోని 'చివరి రేవు'లో ఒత్తే లేదు కాబట్టి అది బాగానే నిలుస్తుంది. 'స్వప్నలోకం' వంటి పేరు మాత్రం ఇబ్బంది పెడుతుంది. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన ఫాంట్లలో శీర్షికల కోసం రూపొందిన రామభద్ర మందంగా ఉంటుంది, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. దానితో మొదలుపెట్టి, ఒత్తులను కొంచెం పైకి జరిపి, అక్షరాలను చేత్తో సవరించుకోండి. ఒకే చట్రంలో రెండు లిపులూ ఇరికిస్తే రెండూ చదవడానికి రావు; స్టీమ్‌లో భాషను బట్టి వేరే క్యాప్సూల్ పెట్టే వీలుంది. చిన్న ఆటలు ఎక్కువగా దొరికే మరో వెబ్‌సైట్ ఇచ్.ఐఓ (itch.io)లో ముఖచిత్రం కొలత 630×500. దాదాపు చతురస్రమైన ఆ చట్రంలో పేరును రెండు వరుసలుగా రాసినా ఒత్తులకు చోటు మిగులుతుంది, కాబట్టి మీ తెలుగు లోగోను ముందుగా అక్కడే ప్రయత్నించి చూడండి.