డెబ్బై అయిదు శాతం రాయితీ, లక్షా ముప్పై వేల ఖర్చు

ప్రశ్న: మాది చిత్తూరు. మావారికి గాంధీ రోడ్డులో టైలరింగ్ దుకాణం ఉంది, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి 600 మీటర్ల పరుగులో జిల్లా తరఫున అండర్-14 రాష్ట్ర పోటీలకు వెళ్లి వచ్చింది. తిరుపతిలో ఒక ప్రైవేటు హైస్కూలు వాళ్లు ఎనిమిదో తరగతి నుంచి ట్యూషన్ ఫీజులో 75 శాతం స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఇస్తామంటున్నారు. హాస్టల్లో ఉండాలి. ఇప్పుడు బడికి, కోచింగుకు కలిపి ఏడాదికి 48,000 అవుతోంది. అన్నీ పోను నెలకు 6,000 మిగులుతుంది, అందులో 2,000 సుకన్య సమృద్ధి ఖాతాకు వెళ్తుంది. బ్యాంకులో 1,60,000 డిపాజిట్ ఉంది. సుకన్య డబ్బు తీద్దామని మావారు, నగలు తాకట్టు పెడదామని నేను అనుకుంటున్నాం. అమెరికాలో ప్రైవేటు స్కూళ్లు ఆటగాళ్ల దగ్గర ఫీజే తీసుకోవని, గట్టిగా అడగమని మా తమ్ముడు చెబుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: మీరు ఫొటో తీసి పంపిన స్కూలు లేఖను రెండుసార్లు చదివాను. 75 శాతం అన్న అంకె పెద్ద అక్షరాల్లో ఉంది. హాస్టల్, భోజనం 95,000 అన్నది మాత్రం రెండో పేజీ అడుగున ఉంది. ట్యూషన్ ఫీజు 80,000, అందులో 60,000 తగ్గిస్తున్నారు. బూట్లు, దుస్తులు, పోటీల ప్రయాణాలకు ఇంకో 15,000 వేసుకుంటే ఏడాది ఖర్చు మొత్తం 1,90,000. రాయితీ పోగా మీ చేతి నుంచి వెళ్లేది 1,30,000. మొత్తం మీద చూస్తే మీకు దక్కుతున్న తగ్గింపు 32 శాతం కూడా లేదు.

ఇప్పటి ఖర్చు కన్నా ఇది 82,000 ఎక్కువ. మీ మిగులు ఏడాదికి 72,000. అంటే సుకన్య ఖాతాను ఆపేసినా, పండక్కి కొత్త బట్టలు మానుకున్నా ఇంకా పది వేలు తక్కువే. తొమ్మిదో తరగతిలో ఫీజు పెరగదనే భరోసా కూడా ఆ లేఖలో ఎక్కడా లేదు.

సుకన్య సంగతి ముందే తేల్చేద్దాం. ఆ డబ్బు ఇప్పుడు రాదు. అమ్మాయి పదో తరగతి పాసైన తర్వాతో, 18 ఏళ్లు నిండిన తర్వాతో, చదువు కోసం మాత్రమే ఇస్తారు. అదీ అంతకు ముందు ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగానికి మించకుండా. నగల మాటకొస్తే, ఒకసారి వచ్చిపోయే ఖర్చుకు తాకట్టు పెట్టి విడిపించుకోవచ్చు. మూడేళ్లపాటు ఏటా వచ్చే ఖర్చుకు పెడితే మొదటి అప్పు తీరకముందే రెండోది నెత్తిన పడుతుంది.

నన్ను ఎక్కువగా ఆపింది ఆ లేఖలోని నాలుగో షరతు: 'విద్యార్థిని క్రీడా ప్రతిభను ఏటా సమీక్షించి రాయితీ కొనసాగింపును యాజమాన్యం నిర్ణయిస్తుంది.' దెబ్బ తగిలితే ఏమిటన్నది ఒక్క ముక్క లేదు. నా దగ్గరకు వచ్చే ఒక కుటుంబంలో అబ్బాయికి ఫిబ్రవరిలో మోకాలి లిగమెంటు తెగింది, జూన్‌లో పూర్తి ఫీజు కట్టమని కాగితం వచ్చింది. స్కూలు వాళ్లు తప్పు చేశారని కూడా అనలేం, వాళ్లు రాసుకున్న షరతు అదే. ఆ తండ్రి మాత్రం రాయితీని ఆస్తిలా లెక్కేసుకున్నాడు. మీ అమ్మాయి రాయితీ కూడా ఆమె కాళ్ల మీద నిలబడి ఉంది. ఎదిగే వయసు కాళ్లు, పైగా మధ్యదూరపు పరుగు.

మీ తమ్ముడు చెప్పింది సగమే నిజం. అమెరికాలో చాలా రాష్ట్రాల హైస్కూలు క్రీడా సంఘాల నిబంధనల ప్రకారం, ఆడతారు కదా అని పిల్లలకు ఫీజు తగ్గించడం కుదరదు. అక్కడి ప్రైవేటు స్కూళ్లు ఇచ్చే సాయంలో ఎక్కువ భాగం తల్లిదండ్రుల ఆదాయ పత్రాలు చూసి ఇచ్చేదే. ఆటకు స్కాలర్‌షిప్ అన్నది కాలేజీ స్థాయి మాట. అయినా మీకు పనికొచ్చే ఉపాయం అందులోనే ఉంది. ఆట చూసి ఇచ్చిన రాయితీ ఆటతోపాటే పోతుంది. ఆదాయం చూసి ఇచ్చినది, మీ ఆదాయం అలాగే ఉన్నంత కాలం నిలవడానికి అవకాశం ఉంటుంది.

అందుకని స్కూలుకు వెళ్లినప్పుడు 75ను 90 చేయమని బేరమాడకండి. హాస్టల్ ఫీజులో 30,000 తగ్గించమని, అదీ కుటుంబ ఆదాయం కారణంగా అని రాసిమ్మని అడగండి. దుకాణం లెక్కల పుస్తకం, ఆదాయ ధ్రువపత్రం వెంట తీసుకెళ్లండి. దాంతోపాటు, గాయమైతే ఆ విద్యా సంవత్సరమే కాక తర్వాతి ఏడాది కూడా రాయితీ ఉంటుందని, మధ్యలో స్కూలు మారితే అప్పటిదాకా ఇచ్చిన రాయితీని తిరిగి కట్టమని అడగరని కాగితం మీద రావాలి. కోచ్ నోటిమాట లెక్కలోకి రాదు. రేపు ఆయనే వేరే స్కూలుకు మారిపోవచ్చు.

ఇవి ఒప్పుకుంటే చేర్పించండి. అప్పుడు అదనపు భారం 52,000 అవుతుంది, మీ మిగులులో 20,000 చేతిలో ఉంటుంది. సుకన్యలో నెలకు 2,000 బదులు 1,000 వేయండి. ఖాతా నిలవడానికి ఏడాదికి 250 చాలు గానీ, 2024 జనవరిలో 8.2 శాతానికి పెరిగిన వడ్డీని అంత తేలిగ్గా వదులుకోకండి. డిపాజిట్ జోలికి మాత్రం వెళ్లవద్దు. రాయితీలన్నీ ఆగిపోయిన ఏడాది మీ మీద పడే అదనపు 90,000 దానిలోంచే రావాలి. గడువు తీరగానే దాన్ని 90,000 ఒకటి, 70,000 ఒకటిగా రెండుగా వేసుకుంటే, అవసరమొచ్చినప్పుడు మొత్తం విరిచి వడ్డీ పోగొట్టుకునే పని ఉండదు. ఆరోగ్య బీమా ఉంటే అందులో అమ్మాయి పేరు ఉందో లేదో చూసుకోండి.

ఒప్పుకోకపోతే పదో తరగతి దాకా చిత్తూరులోనే ఉంచమంటాను. తెల్లవారుజామున మెసానికల్ మైదానంలో పరుగెత్తి రాష్ట్ర పోటీలకు వెళ్లిన పిల్ల ఆమె. ఏడాదికి ఇంకో పదిహేను వేలు మంచి బూట్లకు, తిండికి, పోటీలకు పెట్టినా ఇప్పటి మిగులులోంచే సరిపోతుంది. కడప దగ్గర పుట్లంపల్లిలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది గానీ అక్కడ ప్రవేశాలు నాలుగో తరగతిలో జరుగుతాయి, మీకు ఆ వయసు దాటింది. జాతీయ స్థాయిలో రాణించి ఖేలో ఇండియాకు ఎంపికైతే చేతిఖర్చుగా నెలకు 10,000 అందుతుంది. అది వచ్చిన రోజు ఈ లెక్కంతా మళ్లీ వేసుకుందాం.

ఇంకొక్క మాట. కేంద్ర ఉద్యోగాల క్రీడా కోటాలో పాఠశాల స్థాయి నుంచి లెక్కకొచ్చేది, రాష్ట్రం తరఫున జాతీయ పాఠశాల క్రీడల్లో పాల్గొన్న ధ్రువపత్రం. రేపు ఆమెకు అలాంటివి రావచ్చు. అడ్మిషన్ సమయంలో ఒరిజినళ్లు అడిగి తీసుకుని, తర్వాత ఇవ్వడానికి తిప్పించుకునే చోట్లు ఉన్నాయి. ఏ స్కూలుకైనా చూపించి తిరిగి తెచ్చుకోండి, ఫైలులో పెట్టుకోవడానికి నకళ్లు ఇవ్వండి.