గోడలో పట్టేది ఒకటిన్నర అంగుళమే

అల్లుడూ,

నీ ట్రైలర్, అదే కారు వెనక తగిలించే చక్రాల ఇల్లు, ఫొటోలు చూశాను. పాతదైనా ఫ్రేమ్ గట్టిగానే ఉంది. అమెరికా ఉత్తరాన ఉన్న మీ డులూత్ చలికాలం దాన్లోనే గడుపుతానంటున్నావు. లోపలి ప్యానెళ్లు ఎలాగూ విప్పావు కదా, మళ్లీ బిగించే ముందు, చలి ఆగడానికి గోడల్లో ఏం నింపాలో రాస్తున్నాను, చదువు.

ముందు టేపు పెట్టి గోడ లోతు కొలువు. ఇలాంటి చెక్క ఫ్రేముల్లో మామూలుగా ఒకటిన్నర అంగుళమే ఉంటుంది. ఇళ్లకు వేసే మూడున్నర అంగుళాల ఫైబర్‌గ్లాస్ (గాజు పోగుల దూది) చవగ్గా దొరుకుతోంది కదా అని అందులో కుక్కకు. పోగుల మధ్య నిలిచిన గాలే చలిని ఆపేది. అంతలా అదిమేస్తే సగం బలం పోతుంది. నా మొదటి ట్రైలర్‌లో నేను ఆ పనే చేశాను. మూడో ఏడు వేసవిలో ప్యానెల్ విప్పితే అంతా తడిసి కిందికి జారిపోయింది, పై సగం గోడ ఖాళీ. ఆ తడి వానది కాదు, మా ఊపిరిది, మా వంటది. లోపలి ఆవిరి సందుల్లోంచి గోడలోకి దూరి, చల్లటి బయటి రేకుకు తగిలి నీరవుతుంది. ఎలుకలు కూడా కాపురం పెట్టాయి. ఆ సంగతి మీ అత్తయ్య దగ్గర ఎత్తకు.

అందుకే తడి పీల్చని గట్టి ఫోమ్ షీట్లు వెయ్యి. వాటిలో పాలీఐసో, ఎక్స్‌పీఎస్ అని రెండు రకాలు చూడు. షాపులో పాలీఐసో అంగుళం మందానికి ఆర్-6 అనీ, ఎక్స్‌పీఎస్ ఆర్-5 అనీ చెబుతారు. ఆర్ అంటే చలిని ఆపే బలం, అంకె పెద్దదైతే బలం ఎక్కువ. ఆ అంకెలు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచినవి. చలి ముదిరేకొద్దీ పాలీఐసో బలం తగ్గుతుంది. మీ ఊరి జనవరికి నా ఓటు ఎక్స్‌పీఎస్‌కే. షీటును ఖాళీ కంటే చుట్టూ పావు అంగుళం చిన్నగా కోసి, అంచుల్లో కిటికీలకు వాడే స్ప్రే ఫోమ్ కొట్టు. మామూలు రకం ఉబ్బి పల్చటి ప్యానెళ్లను తోసేస్తుంది. జిగురు డబ్బా మీద ఫోమ్‌కు పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసుకో, కొన్ని జిగుర్లు ఎక్స్‌పీఎస్‌ను కరిగించేస్తాయి.

వెండి రంగు బబుల్ షీటు గోడల్లో పెట్టకు. ముందు గాలి ఖాళీ లేకపోతే అది దాదాపు దండగ. రాత్రిపూట కిటికీలకు అడ్డం పెట్టుకో, చాలు.

నేల కింద నీళ్ల పైపులున్నాయని మర్చిపోకు. ట్రైలర్ నిలిపాక చుట్టూ నేల దాకా స్కర్టింగ్, అంటే అడుగుకు చలిగాలి దూరకుండా అడ్డు, కట్టు. సందులన్నీ మూశావని కప్పు మీద గాలి పోయే వెంట్ కూడా బిగించెయ్యకు. గ్యాస్ మండితే ఆవిరి కూడా వస్తుంది, కాబట్టి వండేటప్పుడు కొంచెం తెరిచి ఉంచు. వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం మాత్రం ఈ వారమే పెట్టించు.

కొలతలు తీసి పంపు, ఎన్ని షీట్లు కావాలో లెక్క నేను చూస్తాను.

మావయ్య