అడుగుతున్నది ఏ ఫోన్ పిన్?

ప్రశ్న: మా అబ్బాయి కొత్త ఫోన్ పంపాడు. నేనే మొదలుపెట్టాను. భాష, వైఫై, ఈమెయిల్ పాస్‌వర్డ్ అన్నీ అయ్యాక పిన్ అడిగింది. కొత్త ఫోన్ కదా అని ఆలోచించి 6 అంకెలు కొట్టాను. తప్పు అంది! నేనింకా పిన్ పెట్టనే లేదు, తప్పెలా అవుతుంది? రెండుసార్లు కొట్టి భయమేసి ఆపేశాను. వేలిముద్ర పెట్టుకుంటే ఈ గొడవ తప్పుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ స్క్రీన్ మళ్లీ చూడండమ్మా. పెద్దక్షరాల కింద, సన్నగా, మీ పాత ఫోన్ పేరు ఉండి ఉంటుంది. అదడిగేది ఆ పాత ఫోన్ తెరిచే పిన్. మీ బ్యాకప్‌కి, అంటే పాత ఫోన్‌లోవాటికి దాచిపెట్టిన నకలుకి, తాళం వేసింది దానితోనే, అందుకే కొత్త అంకెలు ఎన్ని కొట్టినా తెరుచుకోదు. ఊహించి కొడుతూ పోకండి. గుర్తుకు రాకపోతే ఆ మెట్టు దాటేయొచ్చు. ఆ బ్యాకప్ రాదు గానీ, అకౌంట్లో దాచుకున్న కాంటాక్టులు, ఫొటోలు వచ్చేస్తాయి.

కొత్త ఫోన్ పిన్ ఎంచుకోమనేది వేరే స్క్రీన్. అక్కడ ఒకే నంబర్ రెండుసార్లు అడుగుతుంది. నేనైతే మొదటిది దానికి నచ్చలేదనుకుని రెండోసారి ఇంకోటి కొట్టాను, అది కుదరలేదంటే మూడోది. ఊళ్లోవాళ్లకి ఫోన్ పాఠాలు చెప్పే మనిషిని! ఐఫోన్ అయితే 2015 నుంచి 6 అంకెలే ముందుకు తోస్తుంది; 4 కావాలంటే ‘పాస్‌కోడ్ ఆప్షన్స్’ నొక్కాలి. 4 అంకెలకి 10,000 కలయికలు, 6 అంకెలకి 10 లక్షలు. 6 ఉంచుకోండి.

‘సిమ్ పిన్’ అని కనిపిస్తే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోండి. అది ఫోన్‌ది కాదు, సిమ్‌ది. సాధారణంగా 3 సార్లు తప్పితే పీయూకే నంబర్, అంటే సిమ్ తాళం తీసే నంబర్, అడుగుతుంది. అదీ 10 సార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు.

వేలిముద్ర పిన్‌కి తోడే గానీ బదులు కాదు. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడల్లా ముందు పిన్నే కొట్టాలి. ఆండ్రాయిడ్‌లో అయితే పిన్ కొట్టి మూడు రోజులైతే చాలు, వేలు పెట్టినా ఒప్పుకోక మళ్లీ అడుగుతుంది. మీ పాత ఫోన్ అలా మొరాయించినప్పుడు విసుక్కుంటూ కొడతారే, ఇప్పుడు కావలసింది ఆ నంబరే.