హారికకు తాతయ్య ఉత్తరం

చిరంజీవి హారికకు,

నువ్వు పాత ఏసీ128 ట్రాన్సిస్టర్లు తెప్పించి రేడియో కడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఊళ్లో నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు నా భయం తీర్చు. గోడ ప్లగ్గు నుంచి కరెంటిచ్చే ఎలిమినేటర్ పెట్టొద్దు, బ్యాటరీయే పెట్టు. చిన్నప్పుడు వాల్వు రేడియో వెనక అట్ట తీసి వేలు పెట్టి, గోడకు కొట్టుకున్నవాణ్ణి నేను. అందులో రెండొందల వోల్టుల పైమాటే. నీ సెట్టుకు తొమ్మిది చాలు. ట్రాన్సిస్టర్ అంటే నాకు ప్రాణం అందుకే.

స్టేషన్లు తిప్పే గ్యాంగు, ఫెర్రైట్ రాడ్ మీద కాయిల్, డయోడ్ నీకు తెలిసినవే. ఏసీ128 పీఎన్‌పీ రకం, బ్యాటరీ ప్లస్ దాని కాళ్లలో ఎమిటర్ అనే కాలు వైపు రావాలి. తిరగేశావో, చెవులు పిండుతాను.

ఇక టంకం సంగతి. 1973లో, ఇంటర్ చదివేటప్పుడు, చెప్పులు కొనుక్కోమని అమ్మ ఇచ్చిన డబ్బుతో ఒక ఏసీ128 కొన్నాను. దాని తీగ కాళ్లకు మకిలి పట్టి టంకం లెడ్ అంటుకోలేదు. అంటుకునేదాకా టంకం పెట్టే ఐరన్ అదిమిపెట్టి కూర్చున్నాను. అంటుకుంది. రేడియో మాత్రం పలకలేదు. నకిలీ సరుకిచ్చాడని షాపాయన మీదికి పోట్లాటకు వెళ్లాను, అదీ ఉత్తకాళ్లతో. ఆయన దాన్ని తిప్పి చూసి నవ్వాడు. "లోపల ఉన్నది జెర్మేనియం బాబూ, వంద డిగ్రీలు కూడా తట్టుకోదు. నువ్వు వేయించుకొచ్చావు" అన్నాడు. కొత్తదాని కాళ్లు బ్లేడుతో గీకి, ఐరన్‌కీ ట్రాన్సిస్టర్ ఒంటికీ మధ్య కాలును నోస్ ప్లయర్‌తో పట్టుకుని, రెండు సెకన్లలో అతికించి చూపించాడు. వేడి ప్లయర్‌లోకి పోతుంది, ట్రాన్సిస్టర్ బతుకుతుంది. డబ్బు మాత్రం ముక్కు పిండి తీసుకున్నాడు. అమ్మకు నిజం చెప్పలేదు. చెప్పులు పోయాయన్నాను. ఆవిడ గుడి మెట్ల దగ్గర వెతికింది కూడా.

అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో, ట్రాన్సిస్టర్ కనిపెట్టినవాళ్లలో ఒకడైన బ్రాటైన్‌కూ ఇదే జెర్మేనియంతో పొరపాటు జరిగింది. పైన ఉండాల్సిన ఆక్సైడ్ పొర నీళ్లతో కడిగేస్తే పోయింది. అదే కలిసొచ్చింది! తర్వాత ప్లాస్టిక్ ముక్క అంచున బంగారు రేకు అతికించి, దాన్ని బ్లేడుతో సన్నగా చీల్చి, స్ప్రింగుతో జెర్మేనియం మీద అదిమాడు. 1947 డిసెంబర్ 16న అది పనిచేసింది, అదే మొదటి ట్రాన్సిస్టర్. 1956లో ఆయనకూ, తోటి శాస్త్రవేత్తలు బార్డీన్‌కూ, షాక్లీకీ నోబెల్ వచ్చింది. వాళ్ల పొరపాటుకు నోబెల్, నా పొరపాటుకు అరికాళ్లు కాలడం.

నువ్వు తెప్పించినవి ఇప్పుడు దొరకడమే కష్టం. అందుకే కాస్త కసురుతున్నాను, ఏమనుకోకు తల్లీ. కిటికీ తీసి కూర్చో, పొగ పీల్చకు, జడ ముడి వేసుకో. నా నోస్ ప్లయర్ పార్సెల్ చేశాను.

స్టేషన్ పలికినప్పుడు అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి. ఇయర్‌ఫోన్ నీ చెవిలో ఉంటుంది, నాకేమీ వినపడదని తెలుసు. అయినా చెయ్యి.

ఆశీస్సులతో,
తాతయ్య